కొత్త దీపం చూపించిన నీలం

బొమ్మలమ్మకు కొత్త దీపం మీద మొదటి రోజే అనుమానం వచ్చింది. పైకి మాత్రం అనలేదు. కంటి ఆపరేషన్ చేయించుకుని ఆవిడ ఇంటికి వచ్చేసరికి మొగుడు ముచ్చటపడి బల్లకు బిగించి పెట్టిన దీపం అది. దానికి వంక పెడితే కట్టుకున్నవాడికి వంక పెట్టినట్టే.

ఆవిణ్ణి బొమ్మలమ్మ అనడానికి కారణం ఆవిడ చేసే పనే. చిటికెన వేలిలో సగం ఎత్తుండే మనుషులకు ఆవిడ రంగులు వేస్తుంది. బొమ్మను సీసా బిరడా మీద జిగురుతో నిలబెట్టి, బిరడాను ఎడమచేత్తో పట్టుకుని, నాలుగు వెంట్రుకలున్న కుంచెతో చొక్కాకు గుండీలు పెడుతుంది. ఆ పని చేసేటప్పుడు ఊపిరి కూడా అడిగి తీసుకుంటుంది. మొగుడు కరెంటాయన. ఆ చుట్టుపక్కల సగం ఇళ్ళలో గోడల లోపల పరిగెత్తే తీగలన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. మోకాళ్ళ నొప్పులని పెద్ద పనులు మానేశాడు గానీ, ఎవరింట్లో ఫ్యాను మూలిగినా ఇప్పటికీ ఆయనకే కబురు.

కంటి ఆపరేషన్‌కు ముందు నుంచే బొమ్మలమ్మ చేతిలో పెద్ద పని ఉంది. వెడల్పు రోడ్డు కోసం కూల్చేసిన పాత మార్కెట్‌ను లైబ్రరీవాళ్ళు అద్దాల పెట్టెలో నమూనాగా పెడుతున్నారు. కొట్లూ రేకుల కప్పులూ వడ్రంగి చేశాడు. మనుషులు బొమ్మలమ్మ వంతు. కూరలమ్మేవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, నిచ్చెనెక్కి బల్బు బిగించేవాడు, బేరమాడేవాళ్ళు, ఊరికే నిలబడి చోద్యం చూసేవాళ్ళు అందరూ అయిపోయారు. మిగిలింది ఒక్కరే. సూదులూ దారాలూ గుండీలూ పెట్టుకున్న తోపుడుబండి వెనక, బూడిద రంగు శాలువా కప్పుకుని నిలబడ్డ ఆడమనిషి. ఆవిడ బొమ్మలమ్మ వాళ్ళ అమ్మ.

అమ్మకు ఫొటో లేదు. దిగమని పోరితే "రేపు" అనేది. అలా అన్ని రేపులూ అయిపోయాయి. ఇప్పుడు ఆవిడ మొహం బొమ్మలమ్మ, ఆవిడ చెల్లెలు, కరెంటాయన, ఈ ముగ్గురి తలకాయల్లో తప్ప ఇంకెక్కడా లేదు. అందుకే ఆ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి బొమ్మలమ్మ చెయ్యి వెనకాడుతూ వచ్చింది. ఇది సరిగ్గా కుదిరితే అమ్మ అద్దాల పెట్టెలో పదికాలాలు నిలబడుతుంది. కుదరకపోతే ఎవరో ఒక ఆడమనిషి నిలబడుతుంది.

ఒక కంటికి శుక్లం తీశారు. రెండో కంటికి కొంతకాలం ఆగి తీస్తామన్నారు. కట్టు విప్పి, చుక్కలమందు వేసుకుంటూ, డాక్టరమ్మ సరేనన్నాక బొమ్మలమ్మ బల్ల ముందు కూర్చుంది. కొత్త దీపం వేసింది. అంతకుముందు తను రంగులు వేసిన బొమ్మలను వరసగా నిలబెట్టింది.

అందరూ నీలంగా ఉన్నారు.

మూటలవాడి తెల్లచొక్కా నీలం. కూరలావిడ నెరిసిన జుట్టు నీలం. పిండి దుకాణం బస్తాలు కూడా నీలం. మార్కెట్టు మొత్తాన్ని ఎవరో బకెట్టులో ముంచి నీలిమందు పెట్టి ఆరేసినట్టుంది. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంది, దీపం తుడిచింది, బొమ్మలను కూడా తుడవబోయి మానుకుంది. రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు పొద్దున్నే మొగుడి ముందు నోరు విప్పింది.

"ఏమండీ, ఏమీ అనుకోకండి. ఈ దీపం నీలం కక్కుతోంది."

కరెంటాయన తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎక్కడే నీలం?"

"ఇదిగో, ఈ చొక్కా చూడండి."

ఆయన బిరడా అందుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, తల వాల్చి చూశాడు. "తెల్లగా మల్లెపువ్వులా ఉంది. నువ్వు వేసిన బొమ్మకి వంకేంటి? బాగుంది." ఆయన ఎప్పుడూ అనే మాటే అది. బొమ్మ పూర్తికాగానే ఆవిడ ఆయనకు చూపించడం, ఆయన బాగుందనడం ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో నడుస్తున్న వరస.

"మీకు నేనేం చేసినా బాగుంటుంది. కాకిపిల్ల కాకికి ముద్దు."

"ఆడలేక మద్దెల ఓడని..." అని మొదలుపెట్టి, పెళ్ళాం మొహం చూసి ఆయన మిగతాది మింగేశాడు. కానీ దెబ్బ తగలాల్సిన చోట తగిలింది. ఇన్ని ఇళ్ళకు వెలుగిచ్చిన మనిషి, సొంత పెళ్ళాం బల్లకు ఒక దీపం అమర్చలేకపోయాడంటే దీపం కిందే చీకటని లోకం నవ్వదా? ఆయన ఆ పూటే చొక్కా తొడుక్కుని బయలుదేరాడు.

అక్కణ్ణుంచి ఆ ఇంట్లో దీపాల ఊరేగింపు మొదలైంది. మొదట పాతకాలపు పసుపుపచ్చ బల్బు వచ్చింది. దాని కింద కూర్చుంటే చలికాలంలో పొయ్యి దగ్గర కూర్చున్నంత హాయిగా ఉంది గానీ, తెలుపేదో మీగడ రంగేదో తేలలేదు. తరవాత భూతద్దం చుట్టూ గుండ్రంగా వెలిగే దీపం తెచ్చాడు. అందులో బొమ్మ మొహం మీద తడి రంగు తళుక్కుమని మెరిసి, ముక్కెక్కడో చెంపెక్కడో కనిపించకుండా పోయింది. ఆ తరవాత మెడ వంచితే వంగే పొడుగు దీపం. దాన్ని ఆయన కుడిపక్క బిగించాడు. బొమ్మలమ్మ కుంచె పట్టుకోగానే తన చేతి నీడే బొమ్మ మీద పడింది. ఆ నీడను చీకటి రంగనుకుని ఒక చెంపకు తెలుపు మీద తెలుపు వేస్తూ పోయింది. దీపం ఆర్పి కిటికీ దగ్గర చూసుకుంటే బొమ్మకు ఒక పక్క దవడ వాచినట్టుంది.

"ఎవరో చెంప ఛెళ్ళుమనిపించినట్టుందే," అన్నాడాయన.

"మీ దీపమే."

దీపం ఎడమపక్కకు మారింది. తరవాత రెండు పక్కలా రెండు దీపాలయ్యాయి. ఒకదాని నీడను ఇంకొకటి చెరిపేసింది. కళ్ళల్లోకి గుచ్చకుండా వాటి ముందు వెన్నకాగితం కట్టాడు. ఒప్పుకోవాల్సిందే, వెలుగు పాలు ఒలికినట్టు బల్లంతా సమంగా పరుచుకుంది. బొమ్మలమ్మకు కూడా ఉత్సాహం పుట్టింది. మొదట్లో విసుక్కున్న మనిషి, ఇప్పుడు ఒక బొమ్మను సంచిలో వేసుకుని తిరగడం మొదలుపెట్టింది. బట్టల కొట్లో గుడ్డ కొనకుండానే గుమ్మం దగ్గరికి వచ్చి బొమ్మను చూసుకుంది. పళ్ళ డాక్టరు గదిలో నోరు తెరుచుకుని ఉండగానే బొమ్మను తీసి ఆయన దీపం కింద పెట్టింది. లైబ్రరీకి వెళ్ళి, ఖాళీ అద్దాల పెట్టె పక్కన కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. అసలు బొమ్మ నిలబడేది అక్కడైతే, ఆ వెలుతురు చూడకుండా ఇన్ని దీపాలు కొన్నామేమిటని తనను తానే తిట్టుకుంది. ఆ వెలుతురుకు సరిపోయే రకం తెల్ల బల్బులు కరెంటాయన వెతికి తెచ్చి రెండు దీపాలకూ పెట్టాడు.

వెలుగు మారినప్పుడల్లా అన్ని రంగులూ కాస్తో కూస్తో కదిలాయి. నీలం మాత్రం జలగలా పట్టుకుని వదల్లేదు. లైబ్రరీ కిటికీ దగ్గర కూడా నీలమే.

ఇక చెల్లెలిని పిలవక తప్పలేదు. చెల్లెలు ఆవిడ కంటే చాలా చిన్నది, బట్టలు కుడుతుంది, మాట సూదిలా ఉంటుంది. అమ్మ శాలువాలో మిగిలిన గుడ్డముక్క ఒకటి దాని కుట్టుపెట్టెలో ఉంది. శాలువా చిరిగిపోయాక ఏదో లాగుకు మోకాలి దగ్గర అతుకు వేద్దామని కత్తిరించి, మనసొప్పక దాచిన ముక్క. బొమ్మలమ్మ దాన్ని ఇన్నాళ్ళూ అడగలేదు. అమ్మ శాలువా రంగు తనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందనే గర్వం.

మధ్యాహ్నం చెల్లెలు కుట్టుపెట్టె సంకన పెట్టుకుని వచ్చింది. రెండు దీపాలూ వేసి, గుడ్డముక్కను బొమ్మ పక్కన పరిచారు. గుడ్డ బూడిద రంగులో ఉంది. ఆపరేషన్‌కు ముందు అమ్మ బొమ్మ భుజాల మీద బొమ్మలమ్మ వేసి ఆపేసిన మొదటి పూత ముసురుకొచ్చిన మబ్బంత నీలంగా ఉంది.

"చూశావా? ఈ దీపాలన్నీ ఇంతే. అన్నిటికీ నీలం పులుముతున్నాయి," అంది బొమ్మలమ్మ.

చెల్లెలు ఒకసారి గుడ్డనీ, ఒకసారి అక్కనీ చూసింది. "దీపాలేం చేశాయక్కా? గుడ్డ బూడిద రంగులోనే ఉంది కదా ఆ దీపం కింద."

నిజమే. బొమ్మలమ్మకు అంతవరకూ ఆ సంగతి తట్టలేదు. దీపం నీలం కక్కితే గుడ్డ మీద కూడా కక్కాలి.

"మరి బొమ్మలు?"

"బొమ్మలు నీలంగానే ఉన్నాయి. ఎప్పుడూ నీలంగానే ఉండేవి కదా." చెల్లెలు నోరు జారానని తెలుసుకుని సర్దుకోబోయింది. "అంటే మరీ మొదట్నించీ కాదు. ఈ నాలుగైదేళ్ళుగా. నీ బొమ్మల తీరే అంత అనుకున్నాం. మా వీధిలో చూడగానే గుర్తుపడతారు, ఇది మీ అక్క నీలం అని."

బొమ్మలమ్మకు ఒళ్ళు మండింది. సిగ్గేసింది. ఆ రెంటిలో ఏది ముందో ఆవిడకే తెలియలేదు. "అందరూ చూస్తూనే ఉన్నారు. ఒక్కరికీ నోరు రాలేదు. నన్ను ఎదురుగా పెట్టుకుని బాగుంది బాగుందని వెర్రిదాన్ని చేశారు. ఆయన కూడా!"

"బావ సంగతి నాకు తెలీదు. నేను మాత్రం బాగుందనే అనుకున్నా." చెల్లెలి గొంతు చిన్నదైంది. "ముందు చుక్కలమందు వేసుకో. వేళ దాటిపోతోంది."

ఆపరేషన్ అయిన కంట్లో చెల్లెలు చుక్క వేసింది. బొమ్మలమ్మ ఆ కన్ను మూసుకుని, ఉక్రోషంతో రెండో కన్ను మాత్రం తెరిచి అమ్మ బొమ్మను చూసింది.

శాలువా బూడిద రంగులో ఉంది. అచ్చం అమ్మ శాలువా. పక్కనున్న గుడ్డముక్క మాత్రం టీ మరక పడ్డట్టు గోధుమరంగుకు తిరిగింది.

ఆవిడ మందు సంగతి మరిచిపోయి ఆ కన్ను తెరిచింది. నీలం. మూసింది. బూడిద. తెరిచింది, మూసింది. ఈ కన్ను మూసి ఆ కన్ను, ఆ కన్ను మూసి ఈ కన్ను. కోపం ఎటు పోయిందో పోయింది. బొమ్మల వరస మొత్తం ఒక కంటికి తెల్లచొక్కాలతో, ఒక కంటికి నీలి చొక్కాలతో మార్చి మార్చి కనిపిస్తుంటే ఆవిడకు చిన్నప్పటిలా నవ్వొచ్చింది.

"ఏంటక్కా, ఈ వయసులో నాకు కన్ను కొడుతున్నావు?"

"దీపం కాదే, కన్ను! ఈ పాత కన్ను మసకపసుపు అద్దం. దీనికి తెలుపు తెలుపులా కనబడాలని నేను నీలం కలిపి కలిపి పోశాను. ఇన్నేళ్ళూ తెలీకుండా. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు నాకు కనిపించింది, దాన్ని దిద్దుకుందామని నీలం పూశాను." ఆవిడ ఆగకుండా మాట్లాడుతోంది. మూటలవాడి చొక్కాకు ఎంత నీలం పడిందో, పిండి బస్తాకు ఎంత పడిందో పక్కపక్కన పెట్టి చూస్తోంది. ఏ బొమ్మ ముందు వేసిందో, ఏది తరవాతో ఆ నీలమే చెబుతోంది. కొత్తగా వేసినకొద్దీ నీలం ముదిరింది.

అప్పుడే కరెంటాయన ఇంకో దీపం పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఇదే ఆఖరు. దీంతో తాడో పేడో తేలిపోవాలి."

"ఏమండీ, ముందిలా రండి. ఈ మూటలవాడి చొక్కా ఏ రంగు?"

"ఎన్నిసార్లు చెప్పాలే? తెలుపు."

బొమ్మలమ్మ కొత్త కన్ను మూసుకుని చూసింది. తెలుపే.

ఇన్నేళ్ళూ ఆయన తనను సంతోషపెట్టడానికి బాగుందనలేదు. మొహమాటానికి అనలేదు. ఆవిడ చూసిన తెలుపునే ఆయనా చూసి, బాగుందన్నాడు. ఆ సంగతి తెలిసి ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే ఇంకో సంగతి తట్టింది.

"చెల్లీ, నీ పెట్టెలో నలుపు దారం, ముదురునీలం దారం ఇలా ఇయ్యి." రెండు రీళ్ళూ మొగుడి అరచేతిలో పెట్టింది. "ఇందులో నలుపేది?"

ఆయన రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు. "రెండూ నలుపే కదా," అన్నాడు. తరవాత ఇద్దరాడవాళ్ళ మొహాలూ చూసి రీళ్ళను మళ్ళీ దీపం దగ్గరికి జరిపాడు.

బొమ్మలమ్మ వెళ్ళి ఆయన పనిసంచి తెచ్చి బల్ల మీద బోర్లించింది. తీగచుట్టలు దొర్లాయి. ఒక్కో చుట్టకు గుడ్డపీలిక కట్టి ఉంది. నల్లతీగకు ఒక ముడి, నీలం తీగకు రెండు ముళ్ళు. కొత్త తీగ కొన్నప్పుడల్లా కొట్టువాడిని అడిగి అక్కడే ముళ్ళు వేయించుకున్నాడన్నమాట. పెద్ద పనులు మానేసింది మోకాళ్ళ వల్ల కాదు.

"ముడులుంటే తడుముకుని చెప్పొచ్చు. ఎప్పుడూ పొరపాటు పడలేదు," అన్నాడాయన నేల చూస్తూ.

"పడి ఉంటే చెప్పడానికి మీరుండేవారా?" బొమ్మలమ్మ ఒక పీలిక ముడిని వేళ్ళతో తడిమింది. "నా కళ్ళ గురించి ఇంత హడావుడి చేసి, చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసికెళ్ళిన మనిషి, తన కళ్ళు మాత్రం పీలికలకి ముడేసి దాచుకున్నాడు."

"నీకు చెయ్యాల్సిన పని ఉందే. అత్తయ్య బొమ్మ ఉంది. నాకేముంది, ఫ్యాన్లేగా."

"కరెంటంటే భయంలేదు గానీ బావకి కంట్లో చుక్కంటే భయం," అంది చెల్లెలు. నవ్వించడానికే అంది.

బొమ్మలమ్మ ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టింది. "అమ్మని కళ్ళతో చూసి ఎరిగినవాళ్ళం ఇప్పుడు ముగ్గురమే ఉన్నాం. ఆ బండికి బల్బు పెట్టడానికి వచ్చి రోజూ వైరు బాగాలేదనే వంకతో తిరిగిందెవరు? ఆ శాలువా నాకంటే ఎక్కువ మీరే చూసుంటారు, నన్ను నేరుగా చూడలేక. నేను వేసిన బొమ్మని మీరు చూసి అమ్మ అనాలి. ఈ కళ్ళతో అంటే నాకు చాలదు."

ఆయన దారపు రీళ్ళను చేతిలో దొర్లించాడు. "చుక్కలు నువ్వే వెయ్యాలి," అన్నాడు చివరికి.

అమ్మ బొమ్మను ఆవిడ మళ్ళీ మొదట్నుంచీ వేసింది. పాత పూతంతా కరిగించి తీసేసి, రెండు దీపాల మధ్య, పక్కన గుడ్డముక్క పెట్టుకుని, పాత కంటి అద్దానికి కాగితం అతికించి కొత్త కంటితోనే పని చేసింది. బూడిద రంగు మడతల్లో ఎక్కడా నీలం చుక్క కలపలేదు. ప్రతి పూతా ఆరాక కిటికీ దగ్గరికి తీసికెళ్ళి చూసుకుంది. మూటలవాడికీ, కూరలావిడకూ, పిండి బస్తాలకూ కూడా రంగు మార్చింది. చెల్లెలు వచ్చి శాలువా చూసి ఏమీ అనలేదు. గుడ్డముక్కను మళ్ళీ పెట్టెలో పెట్టుకోకుండా అక్క బల్ల మీదే వదిలేసి, ముక్కు చీదుకుంటూ వెళ్ళిపోయింది. సూదిలాంటి మనిషి మాట లేకుండా వెళ్ళిందంటే అంతకంటే మెప్పు ఉండదు.

కరెంటాయనకు కూడా ఒక కంటికి శుక్లం తీసి కట్టు విప్పిన మర్నాడు, పొద్దున ఎండ కిటికీలోంచి బల్ల దాకా వచ్చాక, బొమ్మలమ్మ ఆయన్ని తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. రెండు దీపాలూ వేసింది. అమ్మ బొమ్మను బిరడాతో సహా ఆయన చేతికిచ్చింది.

ఆయన దూరంగా పెట్టలేదు, దగ్గరగా పెట్టలేదు. చేతికిచ్చిన చోటే పట్టుకుని చూశాడు.

"అత్తయ్య," అన్నాడు. "ఇప్పుడే 'మళ్ళీ వచ్చావా నాయనా' అనేలా ఉంది." కాసేపటికి బల్ల మీది తోపుడుబండి పక్కన నిచ్చెన మీదున్న చిన్న మనిషి మీద ఆయన చూపు పడింది. "వీడెవడు? నేనేనా? ఇన్నాళ్ళూ పోల్చుకోలేదే. నా చొక్కా తెల్లది కదే. ఇంత నీలమేంటి?"

"అదొక్కటి దిద్దలేదు. మనిద్దరం ఒకే కళ్ళతో చూసినప్పటిది. ఉండనీ అని ఉంచా."

ఆయన నవ్వుతూ తలెత్తాడు. ఎత్తినవాడు అలాగే ఉండిపోయాడు. రెండు దీపాల మధ్య, ఆయనకు ఎదురుగా బొమ్మలమ్మ మొహం ఉంది. ఆయన ఎడమపక్క దీపం మెడ వంచి చూశాడు. కుడిపక్కది కాస్త వెనక్కి జరిపాడు. వెన్నకాగితం సరిచేశాడు. అన్నీ అయ్యాక మెల్లిగా అన్నాడు.

"ఈ దీపం మంచిది కాదే. నీ జుట్టు తెల్లగా చూపిస్తోంది."

"దీపం బాగానే ఉందండీ," అంది బొమ్మలమ్మ.

ఆయన ఇక దీపాల జోలికి పోలేదు. స్టూలు ముందుకు జరుపుకుని, మోచేతులు బల్లకు ఆనించి, చూడాల్సింది చాలా మిగిలిపోయిన మనిషిలా ఆవిణ్ణి చూస్తూ కూర్చున్నాడు.